డీఎస్‌ఎల్‌ఆర్‌తో పిన్‌హోల్ ఫోటోలు: ఇంత మసక మామూలేనా? నల్లచుక్కలు ఎందుకు?

పెన్నా_గట్టు (నెల్లూరు):

అన్నలూ అక్కలూ, ఒక సాయం కావాలి. నా దగ్గర నికాన్ డీ5300 ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. దాంతో వచ్చిన 18-55 లెన్స్ లోపల ఫంగస్ పట్టింది, రిపేరుకి చెప్పిన రేటుకి ఇంకో పాత లెన్సే వచ్చేట్టుంది, అందుకని దాన్ని పక్కన పెట్టా. ఈలోగా బాడీ ఖాళీగా ఎందుకు పడుండాలని పిన్‌హోల్ (లెన్స్ బదులు సూది బెజ్జంతో ఫోటో తీయడం) మొదలెట్టా. బాడీ క్యాప్ (లెన్స్ తీసేసినప్పుడు కెమెరాకి పెట్టే మూత) మధ్యలో డ్రిల్లుతో బెజ్జం వేసి, దాని మీద చపాతీలు చుట్టే ఫాయిల్ ముక్క అంటించి, మా నాయన ఇన్సులిన్ సూదితో (కొత్తదే లెండి, వాడింది కాదు) ఫాయిల్‌కి చిన్న రంధ్రం పొడిచా.

బొమ్మయితే పడుతోంది, మొదటిసారి స్క్రీన్ మీద చూసినప్పుడు లెన్స్ లేకుండా ఇదెట్టా సాధ్యం అని ఇంట్లో వాళ్ళందరికీ చూపించా. కానీ మరీ మసక. పెన్నా ఒడ్డు నుంచి రంగనాయకుల గుడి గాలిగోపురం తీస్తే, అది గోపురం అని తెలిసిన నాకు గోపురం కనిపిస్తోంది, మా చెల్లెలు మాత్రం వాటర్ ట్యాంకా అని అడిగింది. ఇది 24 మెగాపిక్సెల్ కెమెరా కదా, కనీసం ఫోన్ అంత క్లియర్‌గా అయినా రావాలి కదా? పైగా ఆకాశం నిండా నల్లచుక్కలు, దోమలు వాలినట్టు, ప్రతి ఫోటోలో ఒకే చోట. లెన్స్‌తో తీసినప్పుడు అవి ఎప్పుడూ కనపడలేదు. ఇంకోటి, కెమెరా తనే వెలుగు లెక్క చూసుకునే ఏ, ఎస్, పీ మోడ్‌లలో అసలు క్లిక్కే అవ్వట్లేదు, లెన్స్ లేదని మెసేజ్ వస్తుంది. అన్నీ మనమే పెట్టుకునే ఎమ్ మోడ్‌లో పెట్టి ఏదో గుడ్డిగా తీస్తున్నా. కెమెరా పాడైందా, నేను చేసేదే తేడానా, కొంచెం చెప్పండి.


చేపలపులుసు:

బ్రో, లెన్స్ పెట్టి తీసి ఫోన్‌లో బ్లర్ ఫిల్టర్ వేసుకో. ఇదే ఫోటో వస్తుంది, ఫాయిల్ ఖర్చు మిగుల్తుంది. 😄


పాత_రీలు (ఒంగోలు):

కెమెరాకి ఏం కాలేదు నాయనా, నిశ్చింతగా ఉండు. మోడ్ సంగతి ముందు చెప్తా, అది చిన్నది. మీ మోడల్ లాంటి నికాన్ బాడీలు లెన్స్‌లోని చిప్‌తో మాట్లాడితేనే వెలుగు కొలిచే మీటర్ పనిచేయిస్తాయి, చిప్ లేకపోతే ఎమ్ మోడ్ ఒక్కటే గతి. కానన్ వాళ్ళకి ఈ బాధ తక్కువ, లెన్స్ లేకపోయినా ఏవీ (Av) మోడ్‌లో మీటర్ చూపిస్తుంది. మీటర్ లేకపోయినా పెద్ద ఇబ్బంది లేదు, మన ఎండకి లెక్క నోటికి వచ్చేస్తుంది, కింద రాస్తా.

మసక గురించి. ఇది అందరూ తప్పుగా అర్థం చేసుకునే చోటు కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, విసుక్కోకు. లెన్స్ అయితే వస్తువు మీది ఒక చుక్క నుంచి వచ్చిన కిరణాలన్నిటినీ మళ్ళీ ఒక చుక్క దగ్గరికే చేరుస్తుంది. బెజ్జానికి ఆ తెలివి లేదు, వచ్చిన వెలుగుని వచ్చిన దారినే పంపిస్తుంది, కాబట్టి అవతల ఒక్కో చుక్కా దాదాపు బెజ్జమంత మచ్చగా పడుతుంది. సరే బెజ్జం ఇంకా చిన్నది చేద్దాం అంటావు. ఒక హద్దు దాటి చిన్నది చేస్తే వెలుగు అంచుల దగ్గర వంగి విస్తరిస్తుంది, మళ్ళీ మసకే. ఈ రెండింటి మధ్య సరైన సైజు ఒకటుంటుంది. రేలీ పేరుతో వాడుకలో ఉన్న లెక్క ఇది: బెజ్జం నుంచి సెన్సర్ (బొమ్మ పడే చిప్) దాకా ఉన్న దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకో, 0.00055తో గుణించు (అది ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం, మిల్లీమీటర్లలో), దానికి వర్గమూలం తీసి 1.9తో గుణించు. నికాన్‌లో లెన్స్ బిగించే చోటు నుంచి సెన్సర్‌కి 46.5 మి.మీ., అంటే బెజ్జం 0.3 మి.మీ. ఉండాలి. కానన్‌కి ఆ దూరం 44 మి.మీ., దానికీ ఇంచుమించు అంతే.

ఇప్పుడు నీ 24 మెగాపిక్సెళ్ళ సంగతి చూడు. నీ సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. ఒక్కో మచ్చ 0.3 మి.మీ. అనుకుంటే అడ్డంగా 80 మచ్చలు కూడా పట్టవు. ఒక్కో మచ్చ కింద 70కి పైగా పిక్సెళ్ళు ఉంటాయి, అవన్నీ ఒకే విషయం చెప్తుంటాయి. 6 మెగాపిక్సెళ్ళ పాత కెమెరా అయినా, 45 మెగాపిక్సెళ్ళ కొత్తదైనా పిన్‌హోల్ ముందు ఒకటే. పాతకాలం పిన్‌హోల్ ఫోటోలు స్పష్టంగా ఉంటాయి కదా అంటావేమో, అవి పెద్ద పేపరు మీద తీసినవి. చెప్పుల డబ్బాలో 12 సెంటీమీటర్ల దూరంలో 7 అంగుళాల ఫోటో పేపరు పెడితే బెజ్జం అర మిల్లీమీటర్ అవుతుంది గానీ, పేపరు అడ్డంగా 350 మచ్చలు పడతాయి. సెన్సర్ చిన్నది కావడమే డిజిటల్‌లో అసలు చిక్కు. దీనికి మందు లేదు, బొమ్మని దానికి తగ్గట్టు ఎంచుకోవాల్సిందే. గోపురం మీది శిల్పాలు రావు. ఆకాశం మీద గోపురం ఆకారం వస్తుంది. కాకపోతే వాటర్ ట్యాంకులా కనిపించేంత మసక మాత్రం మామూలు కాదు, నీ బెజ్జం 0.3 కంటే బాగా పెద్దదయ్యుంటుంది. ఫాయిల్ సాగి చిరుగుతుంది.

ఇక ఎక్స్‌పోజర్. 46.5ని 0.3తో భాగిస్తే 155, అంటే ఎఫ్/155. లెక్క తేలిగ్గా ఉండటానికి 160 అనుకో. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/16కి ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే చురుకు) 100 దగ్గర సెకనులో నూరో వంతు చాలన్నది రీలు కాలం నుంచి ఉన్న లెక్క. ఎఫ్/160లో బెజ్జం వెడల్పు దానిలో పదో వంతే, వెలుగు నూరు రెట్లు తగ్గుతుంది, కాబట్టి సరిగ్గా 1 సెకను. అంతే. నీడలోనో మబ్బుల్లోనో 4 నుంచి 8 సెకన్లు. రీలు మీద సెకన్లు పెరిగేకొద్దీ లెక్క తప్పేది, అదనంగా వేసుకోవాల్సి వచ్చేది. సెన్సర్‌కి ఆ పేచీ లేదు, రెండింతలు కావాలంటే రెండింతల టైమే. తీసి చూసుకో, హిస్టోగ్రామ్ (వెలుగు నీడల గ్రాఫ్) ఎడమకి కొట్టుకుంటే, అంటే బొమ్మ చీకటైతే, టైము పెంచు.


చేపలపులుసు:

సార్, జోక్ పక్కన పెట్టి అడుగుతున్నా, మరి అంత మసకే అయితే ఫిల్టర్‌కీ దీనికీ తేడా ఏంటి?


పాత_రీలు (ఒంగోలు):

ఫోకస్ అనేదే లేకపోవడం తేడా. కెమెరా ముందు జానెడు దూరంలో ఉన్న గడ్డిపోచా, దూరంగా ఉన్న కొండా ఒకే మెత్తదనంతో వస్తాయి. లెన్స్‌తో అది కుదరదు, ఏదో ఒకటి ముందే ఎంచుకోవాలి. రెండోది టైము. పట్టపగలు ఎండలో ఏ ఫిల్టరూ లేకుండా సెకను ఎక్స్‌పోజర్ ఇయ్యగలవా లెన్స్‌తో? అలలు, జనం, ఆటోలు అన్నీ కదిలిన గుర్తుతో వస్తాయి. నచ్చకపోతే నచ్చకపోవచ్చు, దానికి నేనేం అనను.


లేత్_పని (కావలి):

బెజ్జం సంగతి నేను చెప్తా, మనది ఆ పనే. ఫాయిల్ వద్దు తమ్ముడూ. అది మరీ పల్చన, పొడిస్తే అంచు చిరిగి నక్షత్రం ఆకారంలో వస్తుంది. పైగా ఇన్సులిన్ సూది మొన ఏటవాలుగా కోసి ఉంటుంది, లోపల బోలు, అది గుచ్చదు, కోస్తుంది. 31 గేజ్ సూది మందం 0.26 మి.మీ., సైజు వరకు బాగానే ఉంది కానీ అంచు శుభ్రంగా రాదు.

కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించు, అది సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. ఇంకా మంచిది కావాలంటే ఇత్తడి షిమ్ (పల్చటి రేకు), 0.05 మి.మీ.ది, బేరింగుల షాపుల్లో, మెషినరీ సామాన్ల షాపుల్లో దొరుకుద్ది, చిన్న ముక్క అడిగినా ఇస్తారు. రెండు సెంటీమీటర్ల చదరం ముక్క తీసుకో. దాన్ని అట్టముక్క మీద పెట్టి బట్టలు కుట్టే సన్న సూదితో నొక్కు, నొక్కడమే, పొడవద్దు. అవతలి వైపు చిన్న బుడిపె లేస్తుంది. ఆ బుడిపెని 1000 నంబరు నీటి ఎమిరీ పేపరు మీద గుండ్రంగా, మెల్లగా రుద్దు. మళ్ళీ సూది పెట్టి కొంచెం నొక్కు, మళ్ళీ రుద్దు. కాసేపటికి బుడిపె అరిగిపోయి దానంతట అదే రంధ్రం తెరుచుకుంటుంది. అప్పుడు సూది మొనని వేళ్ళ మధ్య తిప్పుతూ ఒక్కసారి ఆనించి తీస్తే అంచు గుండ్రం అవుతుంది. తొందరపడితే చెడుతుంది. మా ఏరియాలో అయితే కంసాలి దగ్గరికి తీసుకెళ్ళినా చేసిపెడతాడు, వాళ్ళ దగ్గర ఉండే సన్న డ్రిల్లు బిట్లు మన దగ్గర ఉండవు.

సైజు కొలవడం ఎట్టా అంటావా. జిరాక్స్ షాపుల్లో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటుంది కదా, ముక్కని దాని మీద పెట్టి 2400 డీపీఐలో స్కాన్ చేయించు, పెద్దది చేసి పిక్సెళ్ళు లెక్కపెట్టు. 0.3 మి.మీ. అంటే 28 పిక్సెళ్ళు. గుండ్రంగా ఉందో లేదో కూడా అందులోనే తెలిసిపోద్ది. 0.25 నుంచి 0.33 లోపు ఉంటే దిగుల్లేదు.

క్యాప్ బెజ్జం 8 మి.మీ. వెయ్, మరీ చిన్నదైతే మూలలు కోసేస్తుంది. లోహం ముక్క వెనకవైపు, అంటే సెన్సర్‌కి ఎదురయ్యే వైపు, నల్ల పర్మనెంట్ మార్కర్ పూయాలి, లేకపోతే మెరుపు లోపల కొట్టి బొమ్మ తెల్లబడుతుంది. అంటించడానికి కరెంటు టేపు వాడొద్దు. మన ఎండాకాలంలో దాని జిగురు కరిగి జారుద్ది, ముక్క ఊడి అద్దం మీద పడితే కెమెరాకే చేటు. ఆరల్డైట్ పెట్టి ఒక రాత్రి వదిలెయ్. ఫెవిక్విక్ కూడా వద్దు, దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొర పడుద్ది. క్యాప్ లోపలికి ఏదీ పొడుచుకు రాకుండా చూసుకో, క్లిక్ కొట్టినప్పుడు అద్దం పైకి లేస్తుంది కదా.


ఉప్పుగాలి (కొత్తపట్నం):

ఆ నల్లచుక్కలు సెన్సర్ మీది దుమ్ము అండీ. ఎప్పటి నుంచో ఉండుంటుంది, లెన్స్‌తో తీసినప్పుడు కనపడలేదంతే. పెద్ద అపర్చర్‌లో (లెన్స్ లోపలి బెజ్జం పెద్దగా తెరిచినప్పుడు) వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది, దుమ్ము రేణువు నీడ చెదిరిపోతుంది. పిన్‌హోల్‌లో వెలుగు అంతా ఆ ఒక్క బెజ్జం లోంచే వస్తుంది కాబట్టి నీడ గీత గీసినట్టు పడుతుంది. లెన్స్‌లో కూడా ఎఫ్/22 పెట్టి తెల్ల గోడ తీయండి, అవే చుక్కలు కనిపిస్తాయి.

పైన అన్న చెప్పని ముఖ్యమైన మాట ఒకటుంది. క్యాప్‌కి డ్రిల్ వేశాక ప్లాస్టిక్ తురుము దానికి అంటుకునే ఉంటుంది. సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడే బాడీకి బిగించాలి. సగం మంది సెన్సర్లలో ఉండే చెత్త ఈ తురుమే అని నా అనుమానం. ముందు మెనూలో సెన్సర్ క్లీనింగ్ ఆప్షన్ ఒకసారి నడపండి. పోకపోతే క్లీనింగ్ కోసం అద్దం పైకి లేపి ఉంచే ఆప్షన్ కూడా మెనూలోనే ఉంటుంది, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది పెట్టి, కెమెరా నోరు కిందికి పెట్టి, రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. కొందరు పంచర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టిస్తారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి, అందులో నూనె, నీళ్ళు రెండూ ఉంటాయి. అప్పటికీ పోనివి ఎడిటింగ్‌లో తుడిచేసుకోవచ్చు, చుక్కలు ప్రతి ఫోటోలో ఒకే చోట ఉంటాయి కనుక ఒకదానికి చేసిన దిద్దుబాటు మిగతా వాటికీ కాపీ చేయొచ్చు.

బీచ్‌లో క్యాప్ విప్పొద్దు. ఇంట్లోనే బిగించుకుని వెళ్ళి ఇంటికొచ్చాకే తీయండి. బెజ్జం ఎంత చిన్నదైనా తెరిచి ఉన్నదే కదా, సముద్రపు గాలిలో ఉప్పు తేమ లోపలికి పోతుంది, ఫోటో తీయనప్పుడు బెజ్జం మీద చిన్న మూత పెట్టుకోండి. ఇంటికొచ్చాక సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. మీ 18-55 లెన్స్‌కి ఫంగస్ ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదనుకుంటా. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచారు కదా?


పెన్నా_గట్టు (నెల్లూరు):

తోలు సంచి, బీరువా రెండూ కరెక్టే అక్కా, ఎట్టా కనిపెట్టారో. 🙏 పాత ఓనరు ఇచ్చిన సంచే అది.

అందరికీ చాలా థ్యాంక్స్. లేత్ అన్న చెప్పినట్టే కూల్‌డ్రింక్ టిన్ను ముక్కతో చేశా, స్కానర్‌లో 29 పిక్సెళ్ళు వచ్చింది, జిరాక్స్ షాపాయన నన్ను అదోలా చూశాడు కానీ చేసిచ్చాడు. బొమ్మలో చాలా తేడా ఉంది, ఇప్పుడు గోపురం గోపురంలాగే ఉంది, అంతస్తులు విడివిడిగా తెలుస్తున్నాయి. ఎండలో ఐఎస్ఓ 100, 1 సెకను లెక్క సరిగ్గా సరిపోయింది.

రెండు డౌట్లు. వ్యూఫైండర్‌లో ఏమీ కనపడట్లేదు, ఫ్రేమ్ ఎట్టా పెట్టుకోవాలి? ఇంకోటి, పిన్‌హోల్ అంటే వైడ్ యాంగిల్ వస్తుందని విన్నా, నాకేమో జూమ్ చేసినట్టు వస్తోంది. మైపాడు బీచ్‌లో పడవల దగ్గర తీయాలని ఉంది, చాలా వెనక్కి పోవాల్సి వస్తోంది.


పాత_రీలు (ఒంగోలు):

వైడ్ రాదు. నీకు 46 మి.మీ. దూరం ఉంది, నీ సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో (35 మి.మీ. రీలు సైజు సెన్సర్‌లో) 70 మి.మీ. లెన్స్‌తో సమానం. లోపల అద్దం ఉన్నంతకాలం దాన్ని దగ్గరికి జరపలేవు. అద్దం లేని మిర్రర్‌లెస్ బాడీలకే ఆ సుఖం, సోనీలో ఆ దూరం 18 మి.మీ.లే, బెజ్జం 0.19 చేయాలి, బాగా వైడ్ వస్తుంది కానీ మూలలు నల్లబడతాయి. నువ్వు ఉన్నదాంతోనే కానీ. పడవని మొత్తం పట్టాలని లేదు, ముక్కు ఒక్కటి, వెనక సముద్రం చాలు.

ఫ్రేమ్‌కి ఒక కిటుకు ఉంది. ఐఎస్ఓ 6400 పెట్టు. 1 సెకను కాస్తా 1/60 అవుతుంది, చేత్తో పట్టుకునే తీసి చూసుకోవచ్చు. ఫ్రేమ్ కుదిరాక ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100కి దిగు. ఆ ఎండలో లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద) కూడా మసగ్గా ఆకారాలు తెలుస్తాయి. రెండు సెకన్ల టైమర్ పెట్టుకో, వేలు తగిలితే కదులుతుంది. ఎక్కువసేపు తెరిచేటప్పుడు వ్యూఫైండర్ కంటిని కూడా మూసెయ్, వెనక నుంచి ఎండ దూరుతుంది.

మైపాడుకి తెల్లారే పో. తూర్పు తీరం మనది, సూర్యుడు నీళ్ళ మీదే లేస్తాడు, అప్పుడు వెలుగు తక్కువ కాబట్టి ఐఎస్ఓ 100లో 8 సెకన్లో ఇంకా ఎక్కువో పడుతుంది, అలలు పొగలా పరుచుకుంటాయి. పడవ మాత్రం ఇసుక మీదికి లాగిందే తీయి, నీళ్ళలోది ఊగుతుంది.


ఉప్పుగాలి (కొత్తపట్నం):

సముద్రం అందరూ తీస్తారు. నన్నడిగితే రొయ్యల గుంటల దగ్గరికి పొమ్మంటాను. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగేటప్పుడు సెకను ఎక్స్‌పోజర్‌లో ఆ నీటి తుంపర మొత్తం తెల్లటి దూదిలా వస్తుంది, గట్టు, కరెంటు స్తంభం కదలకుండా ఉంటాయి. మెత్తటి బొమ్మకి అట్లాంటి పెద్ద ఆకారాలే నప్పుతాయి. ఉప్పు మడుల్లో కుప్పలు కూడా అంతే, తెలుపు మీద నీడలు. చీమకుర్తి వైపు పోతే గ్రానైట్ క్వారీల్లో మెట్లు మెట్లుగా కోసిన గోడలు ఉన్నాయి, మధ్యాహ్నం నీడలు పడ్డప్పుడు వాటికి వివరాలే అక్కర్లేదు. లోపలికి పోవాలంటే మాత్రం పర్మిషన్ అడగండి, బ్లాస్టింగ్ టైములుంటాయి.

ఇంట్లో తీయాలన్నా తీయొచ్చు. కిటికీ వెలుగు పడే వంటింట్లో ఐఎస్ఓ 1600లో నిమిషం దాకా పడుతుంది. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే, అంతసేపు తెరిచాక కెమెరా నాయిస్ (బొమ్మలో గరుకు చుక్కలు) తీసేయడానికి ఇంకో నిమిషం ఆగుతుంది, ఆగిపోయిందని బ్యాటరీ పీకకండి.


చేపలపులుసు:

నిన్న మా మిద్దె మీద చెక్క తలుపు సందులోంచి వచ్చిన వెలుగులో ఎదురింటి కొబ్బరిచెట్టు తలకిందులుగా గోడ మీద కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ గదిలోనే పడుకుంటున్నా, ఎప్పుడూ గమనించలేదు. ఈ థ్రెడ్ చదివాకే చూశా. ఒప్పుకుంటున్నా, ఫిల్టర్‌తో ఇది రాదు. 😅


పాత_రీలు (ఒంగోలు):

చూశావా మరి. గ్రహణం రోజు వేపచెట్టు కింద నేల మీద నెలవంకలు పడేది కూడా ఇదే లెక్కన, ఆకుల సందులే బెజ్జాలు. నీ దగ్గర కెమెరా ఏదైనా ఉందా?


చేపలపులుసు:

కానన్ 1200డీ ఉంది సార్, పెళ్ళిళ్ళకి అద్దెకిస్తుంటా. క్యాప్ ఒకటి కొనాలి.


లేత్_పని (కావలి):

కొనేటప్పుడు రెండు కొను, ఒకటి డ్రిల్లు కింద పగులుద్ది. ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచ పిన్‌హోల్ ఫోటోగ్రఫీ దినం, 2001 నుంచి జరుపుతున్నారు, ఆ రోజు తీసిన ఫోటో ఒకటి వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా పెట్టొచ్చు, మనిషికి ఒక్కటే. అప్పటికి మన జిల్లాల్లో ఎండ ఎట్టా ఉంటుందో తెలుసుగా, పొద్దున్నే కానిచ్చేయండి.


పెన్నా_గట్టు (నెల్లూరు):

ఆ రోజు మైపాడులో కలుద్దామా మరి? ట్రైపాడ్ నా దగ్గర ఒకటే ఉంది, ఎవరైనా ఇంకోటి తేవాలి. లేత్ అన్నా, వచ్చేటప్పుడు ఆ ఇత్తడి షిమ్ ముక్కలు నాలుగు తెచ్చిపెట్టవా, ఇక్కడ అడిగితే అందరూ మందపాటిదే చూపిస్తున్నారు. డబ్బులు ఫోన్‌పే చేస్తా.


లేత్_పని (కావలి):

తెస్తాలే. డబ్బులొద్దు, నాస్టా పెట్టించు.